నీలిపండ్ల పొద: దాని స్వభావము, పెంపకము

లోకమున చెడ్డ నేల యనునది కలదా? మన రైతు నడిగినయెడల చవుడు, రాళ్ల నేల, నీరు నిలిచెడి పల్లము, ఏమియు మొలవని యిసుకపర్ర యని తడుముకొనకయే లెక్క చెప్పును. అతని మాట కల్ల కాదు. వరికిని, జొన్నకును, వేరుసెనగకును పనికిరాని భూమిని అతడు చెడ్డదనుచున్నాడు. కాని భగవంతుని సృష్టిలో మొక్కలు ఇవి మాత్రమే కావు. మనము బంజరని విడిచిన నేలనే పుట్టినిల్లుగా నెంచుకొని, మనము మంచిదని మెచ్చిన నేలలో బ్రతుకజాలని మొక్కలును గలవు. అట్టివానిలో నొకటి ఉత్తర అమెరికా ఖండమునందలి బ్లూబెర్రీ పొద. దాని పండు నీలివర్ణము గలదగుటచే నీలిపండ్ల పొద యని పిలువవచ్చును. దాని స్వభావమును, పెరటిలో దానిని పెంచు పద్ధతిని ఈ వ్యాసమున వివరింప నుద్దేశించితిమి.

తెలుగు విద్యార్థులకు అమెరికా పొదతో పని యేమని కొందరడుగవచ్చును. నేడు ఆ దేశమున తెలుగువారు లక్షలకొలది నివసించుచున్నారు. న్యూజెర్సీ రాష్ట్రమున వారి కుటుంబములు విశేషముగా గలవు. ఈ పొద అడవిని విడిచి తోటపంటగా మారినదియు ఆ రాష్ట్రముననే. వేసవి వచ్చినతోడనే వారి పెరళ్లలో గోంగూర, బచ్చలి, ఆనప, చిక్కుడు మన యూళ్లలోవలెనే పెరుగును. ఆ పాదుల ప్రక్కనే బ్లూబెర్రీ మొక్కలను గొని తెచ్చి నాటువారును గలరు. నాటినవారు ఊరిలో తల్లి చేసినట్లే మొదట పశువుల యెరువు వేసి, పురుగు పట్టకుండ పిడికెడు బూడిద చల్లి, దినదినము నీరు పోసినయెడల ఏమగును? రెండవ యేటికి ఆకులు పసుపువన్నెకు దిరుగును. ఆ పిమ్మట మొక్క క్రమముగా క్షీణించి యెండిపోవును. లోపము వారి ప్రేమలో లేదు. మొక్క స్వభావము నెరుగకపోవుటలో నున్నది. గోంగూరకు ప్రాణము పోసిన బూడిదయే దీనికి ప్రాణాంతకమగును. కావున ముందు మొక్క నెరిగి, పిమ్మట దానికి సేవ చేయవలెను.

మొక్క స్వరూపము

నీలిపండ్ల పొద రోడోడెండ్రాన్ అను కొండపూల చెట్టుతో నొకే కుటుంబమునకు జేరినది. తోటలలో పెంచు ఎత్తుజాతి పొద సామాన్యముగా ఐదారడుగులు పెరుగును. కొన్ని అంతకంటెను ఎత్తగును. ఒక్క మాను గాక, మొదటినుండి పెక్కు కొమ్మలు లేచి గుబురుగా నుండును. శీతకాలమున ఆకులన్నియు రాలిపోవును. వసంతమున తెల్లని పూలు గుత్తులుగా పూయును. ఒక్కొక్క పూవు బోర్లించిన చిన్న కుండవలె నేలవైపు మూతి పెట్టి వ్రేలాడుచుండును. శరదృతువున ఆకులు ఎర్రబారి, కాయలు లేనప్పుడును పెరటికి శోభ గూర్చును.

పండు చిన్న రేగుపండంత యుండును. చూచినవారికి వెంటనే మన నేరేడుపండు జ్ఞప్తికి వచ్చును గాని, ఈ రెంటికిని చుట్టరికము లేదు. నేరేడులో గట్టి గింజ యొకటి యుండును; దీనిలో పంటికి తగులనంత సన్నని గింజలు అనేకములుండును. నేరేడు తిన్న నాలుక ఊదారంగై వగరెక్కును. దీనికి వగరు లేదు, తీపితో గొంచెము పులుపు గలిసియుండును. పండు కొనయందు ఐదు కోణముల నక్షత్రమువంటి చిన్న కిరీటముండును. పైన విభూతి రాచినట్లు తెల్లని పొడియుండును. అది దుమ్ము కాదు; పండులోని తేమ ఆరిపోకుండ కాపాడెడి సహజమైన మైనపు పూత.

పెంపకమునకు వచ్చిన జాతులు ముఖ్యముగా మూడు. చలిదేశములకు దగిన ఎత్తుజాతి మొదటిది. కెనడాయందును, అమెరికా ఈశాన్యమున మెయిన్ రాష్ట్రమునందును మోకాలెత్తు మించక నేలకంటి పెరిగెడి పొట్టిజాతి రెండవది. జార్జియా, ఫ్లోరిడా మొదలగు దక్షిణ రాష్ట్రములకు జెందినది మూడవది. దాని కాయ పండకముందు తెల్ల కుందేలు కన్నువలె గులాబివన్నె గలిగియుండుటచే దానిని కుందేటికంటి జాతి యందురు. వీనిలో మొదటి జాతిని దక్షిణపు జాతులతో సంకరము చేసి, తక్కువ చలితో కాచు దక్షిణపు ఎత్తురకములను గూడ ఇరువదవ శతాబ్దమున పుట్టించిరి.

బంజరునుండి తోటకు

ఐరోపావారు అమెరికాకు రాక పూర్వమే అచ్చటి ఆదివాసులు ఈ పండ్లను కోసి, యెండబెట్టి, చలికాలమునకు నిలువచేసికొనుచుండిరి. 1615వ సంవత్సరమున ఫ్రెంచి యాత్రికుడగు షాంప్లేను హ్యూరాను సరస్సు ప్రాంతమున ఈ పని జరుగుచుండగా జూచి వ్రాసిపెట్టెను. ఆ పిమ్మట మూడువందల యేండ్లవరకు ఈ పండు అడవి పండుగానే యుండెను. అడవినుండి పొదలను పెకలించి తెచ్చి పెరటి మంచి మట్టిలో నాటినవారు లేకపోలేదు. అవి బ్రతుకకుండుట జూచి, ఇది మనుష్యుని చేతికి లొంగని మొక్క యని జనులు తలచిరి.

ఆ భ్రమను బాపినవారు ఇరువురు. మొదటివాడు ఫ్రెడరిక్ కోవిల్ (1867–1937) అను వృక్షశాస్త్రజ్ఞుడు. ఈయన అమెరికా ప్రభుత్వ వ్యవసాయశాఖలో నుద్యోగి. 1906వ సంవత్సరమున ప్రయోగములు ప్రారంభించి, ఒకే జాతి మొక్కలను వేరువేరు మట్టులలో పెంచి పోల్చి చూచెను. బాగుగ నెరువు వేసిన తోటమట్టిలోను, సున్నము కలిపిన మట్టిలోను మొక్కలు కృశించెను. చిత్తడి నేలలనుండి తెచ్చిన పుల్లని నల్లమట్టిలో నవనవలాడెను. పులుపు నేలయే దీనికి జీవమని ఆయన నిశ్చయించి, 1910వ సంవత్సరమున తన ఫలితములను ప్రభుత్వ పత్రముగా ప్రకటించెను.

రెండవ వ్యక్తి ఎలిజబెత్ వైట్ (1871–1954). ఈమె తండ్రికి న్యూజెర్సీలోని వైట్స్‌బాగ్ అనుచోట క్రాన్‌బెర్రీ అను మరియొక పులుపు పండ్ల తోటలుండెను. ఆ ప్రాంతమును పైన్ బారెన్స్ అందురు. పైన్ చెట్ల బంజరు అని యర్థము. ఇసుక నేలయు, పుల్లని నీరును గల ఆ ప్రదేశమున ఐరోపానుండి వచ్చినవారి పైరులు పండనందున దానికి బంజరని పేరు పడెను. ఎలిజబెత్ 1911వ సంవత్సరమున కోవిల్ వ్రాసిన పత్రమును జదివి, తమ భూమిలో ప్రయోగములు సాగింప రమ్మని ఆయనకు జాబు వ్రాసెను. ఆయన యంగీకరించెను.

మేలైన పొదలను సంపాదించుట యెట్లు? పుస్తకములలో ఆ సమాచారము లేదు. అది ఆ బంజరులోని పేదవారి జ్ఞాపకమున నుండెను. ఏటేట అడవిలో పండ్లు కోసి యమ్ముకొను ఆ జనులకు, ఏ వాగు ప్రక్కన ఏ పొద పెద్ద పండ్లు కాచునో తెలియును. ఎలిజబెత్ వారికి అంగుళములో ఎనిమిదింట ఐదు వంతుల వెడల్పు రంధ్రము గల కొలబద్దల నిచ్చి, ఆ రంధ్రమున దూరనంత పెద్ద పండు గల పొదను జూపినవారికి సొమ్ము నిచ్చెను. అంతేగాక ఆ పొదకు దానిని జూపినవాని పేరే పెట్టెను. రూబ్ లీక్ అను నతడు చూపిన పొద యన్నిటిలో శ్రేష్ఠముగా నుండెను. లీక్ అనగా వారి భాషలో నుల్లివంటి కూర. ఆ పేరు పండుకు తగదని తోచి, రూబ్ అను పేరునకు ఇంటిపేరు మొదటి యక్షరమును జేర్చి రూబెల్ అని పిలిచెను. ఆ రూబెల్ రకము నేటికిని సాగులో నున్నది. చదువురాని అడవిజనుల యెరుకయు, శాస్త్రజ్ఞుని పరీక్షయు గలిసినప్పుడే ఈ కార్యము నెరవేరెనని మా విద్యార్థులు గమనింపవలెను. ఒకటి లేక రెండవది నిష్ఫలమై యుండెడిది.

కోవిల్ ఈ పొదలను ఒకదానితో నొకటి సంకరము చేసి మేలురకములను పుట్టించెను. 1916వ సంవత్సరమున వైట్స్‌బాగ్ తోటనుండి మొదటి పంట అంగడికి వెళ్లెను. 1927వ సంవత్సరమున ఎలిజబెత్ న్యూజెర్సీలో పెంపకందారుల సహకార సంఘమును స్థాపించుటకు తోడ్పడెను. తరువాతి కాలమున ఆ రాష్ట్రపు నాలుగవ తరగతి బాలబాలికలు పట్టుపట్టి శాసనసభవారికి విన్నవించుకొనగా, ఈ పండును రాష్ట్ర ఫలముగా నిర్ణయించు చట్టము 2003వ సంవత్సరపు చట్టములలో నొకటిగా జేరినది. బాలురమని మనవలన నేమగునని తలచువారు దీనిని జ్ఞాపకముంచుకొందురు గాక.

పులుపు నేల యనగా నేమి?

నేలయొక్క పులుపును, అనగా ఆమ్లతను, కొలుచుటకు పీ.హెచ్. అను కొలత గలదు. ఏడు మధ్యస్థము. ఏడుకు దిగువ ఆమ్లము; ఎగువ క్షారము. ఒక్కొక్క అంకె దిగినప్పుడెల్ల ఆమ్లత పది రెట్లు హెచ్చును. మన కూరగాయలకు ఆరు మొదలు ఏడువరకు హితము. నీలిపండ్ల పొదకు నాలుగున్నర మొదలు ఐదున్నర లోపల నుండవలెను. కావున పీ.హెచ్. ఆరున్నర గల మంచి కూరగాయల మడికంటె ఈ పొద కోరు నేల పదింతలు మొదలు నూరింతలవరకు పులుపు గలది.

ఈ కోరికకు కారణము దాని వేళ్లలో నున్నది. ఇతర మొక్కల వేళ్లకు సన్నని మూలకేశములుండి, వానిచేత నీటిని ఆహారమును పీల్చుకొనును. ఈ పొద వేళ్లకు అట్టి కేశములు లేవు. వానికి బదులు, కంటికి కనబడని యొక శిలీంధ్రము వేళ్లలో నివసించి, పులుపు మట్టిలో క్రుళ్లుచున్న ఆకునుండి నత్రజనిని మొక్కకు సమకూర్చి, మొక్కనుండి చక్కెరను కూలిగా గైకొనును. ఇక ఇనుము సంగతి. ఆకు పచ్చగా నుండుటకు ఇనుము కావలెను. సున్నము గల నేలలో ఇనుమున్నను కరగదు, వేళ్లకు అందదు. అప్పుడు ఈనెలు పచ్చగా నుండి, నడుమ నున్న ఆకు పసుపువన్నెకు దిరుగును. ధాన్యము నిండిన గాదెకు తాళము పడినట్లే నేలలో ఇనుముండియు మొక్క పస్తుండును. ఆ చిహ్నము గనబడినప్పుడు మరింత యెరువు వేయుట గాక, నేల పులుపును పరీక్షింపవలెను.

పరీక్ష చేయుట కష్టము గాదు. మందారపూల రేకులను వేడినీటిలో నానవేసిన నీరు ఆమ్లముచే ఎర్రబారును, క్షారముచే పచ్చబారునని మా విద్యార్థులు తరగతిలో చూచియే యుందురు. కాని అది నేల యే వైపున నున్నదో తెలుపునే గాని, యెంత పులుపో చెప్పజాలదు. కావున మట్టిని పరీక్షాశాలకు పంపుటయో, అంగడిలో దొరకు పీ.హెచ్. సాధనముతో కొలుచుటయో మేలు.

నేలకు పులుపు చాలనియెడల గంధకపు పొడిని కలుపవలెను. మట్టిలోని సూక్ష్మజీవులు గంధకమును క్రమముగా ఆమ్లముగా మార్చును. ఈ మార్పునకు నెలలు పట్టును. కావున నాటుటకు ఆరు నెలలు, వీలైన ఒక సంవత్సరము ముందుగానే కలుపుట మంచిది. పీ.హెచ్. ఆరునుండి నాలుగున్నరకు దింపుటకు నూరు చదరపుటడుగుల యిసుకనేలకు ఇంచుమించు అరకిలో, ఒండ్రునేలకు ఒకటిన్నర కిలో కావలెను. బంకనేలకు ఇంకను ఎక్కువ పట్టును. మట్టిలోనే సున్నపురాయి యున్నచో ఎంత గంధకము వేసినను నిలువదు. అట్టిచోట నేలను మార్చు ప్రయత్నము మాని, పెద్ద తొట్టెలలో పుల్లని మట్టి నింపి పెంచుటయే తెలివి.

గంధకముతోబాటు పీట్ అను మట్టిని కలుపుదురు. చిత్తడి నేలలలో నాచు మొదలగునవి వేల యేండ్లు క్రుళ్లియు క్రుళ్లక పేరుకొనగా నేర్పడిన తేలికమట్టి యది. పుల్లనిది, తేమ నిలుపునది. బూడిద, సున్నము, కోడిగ్రుడ్ల పెంకులు ఈ పొద దరికి రానీయరాదు. అవి పులుపును విరుచును.

చలి, నిద్ర

కోవిల్ కనుగొనిన మరియొక వింత గలదు. చలి బాధ లేకుండ వెచ్చని గాజుటింటిలో శీతకాలమంతయు ఉంచిన మొక్కలు వసంతమున త్వరగా చిగుర్చునని యెవరైన తలంతురు. కాని అవి చిగుర్పలేదు. ఒక మొక్క కొమ్మ నొకదానిని గాజుటింటి రంధ్రమునుండి వెలుపలి చలిలోనికి సాచియుంచగా, వసంతమున ఆ కొమ్మ మాత్రమే చిగుర్చెను. లోపలి కొమ్మలు మొద్దువలెనే యుండెను. మేల్కొనుటకు చలి కావలెనని దీనివలన స్పష్టమయ్యెను. ఈ సంగతిని ఆయన 1920వ సంవత్సరమున ప్రకటించెను.

ఉత్తరపు ఎత్తుజాతికి ఏడు డిగ్రీల సెంటిగ్రేడుకు దిగువ చలి శీతకాలమున సుమారు 800 మొదలు 1,000 గంటలు కావలెను. దక్షిణపు ఎత్తురకములలో కొన్నిటికి రెండుమూడు వందల గంటలే చాలును. కావున న్యూజెర్సీలో నున్నవారు డ్యూక్, బ్లూక్రాప్, ఎలియట్ వంటి ఉత్తరపు రకములను, జార్జియాలో నున్నవారు కుందేటికంటి జాతిని లేక దక్షిణపు రకములను గొనవలెను. బంధువుల పెరటిలో కాచినదని వేయిమైళ్ల దూరమునుండి మొక్క తెచ్చుకొనరాదు.

నాటుట, పోషించుట

దినమునకు ఆరు గంటలైనను ఎండ తగులుచోటు నెంచుకొనవలెను. ఒక్క మొక్కతో తృప్తిపడక, ఒకేకాలమున పూయు రెండు వేరువేరు రకములను దగ్గరగా నాటవలెను. ఎత్తుజాతి యొంటరిగ నున్నను కొంత కాచును గాని, వేరొక రకపు పుప్పొడి చేరినప్పుడు పండు పెద్దదగును. కుందేటికంటి జాతికైతే తోడు తప్పనిసరి. పూవు మూతి యిరుకగుటచే పుప్పొడి సులభముగా రాలదు. బొద్దుగా, నూగుతో నుండు ఒక జాతి తుమ్మెదలు పూవును పట్టుకొని రెక్కల కండరములను ఝుమ్మని యదరింపగా పొడి రాలును. పూత కాలమున పురుగుమందు చల్లినవాడు తన పంటకు తానే కీడు చేసికొన్నవాడగును.

శీతప్రాంతములలో నాటుటకు వసంతారంభము తగిన కాలము. రెండు మూడేండ్ల మొక్కలు మేలు. గుంత లోతుకంటె వెడల్పు ముఖ్యము. ఒకటిన్నర అడుగు లోతు, రెండడుగుల వెడల్పు చాలును. పెకలించిన మట్టిలో పీట్ కలిపి నింపి, మొక్క కుండీలో నున్న లోతుననే నాటవలెను. మొక్కకును మొక్కకును నాలుగైదడుగుల యెడముండవలెను. గుంతలో నెరువు వేయరాదు. నీరు నిలిచెడి నేలయైనచో కట్ట పోసి దానిపై నాటవలెను. ఈ మొక్కకు తేమ కావలెను గాని బురద పనికిరాదు.

వేళ్లు పైమట్టిలో అడుగులోపలనే వ్యాపించియుండును. అందుచేత మొదట పారతో త్రవ్వరాదు. కలుపును చేతితో పెరికివేయవలెను. పైన్ బెరడు, పైన్ ఆకు, రంపపుపొట్టు వీనిలో నేదైనను నాలుగంగుళముల మందమున మొదటిచుట్టు పరచినయెడల తేమ నిలుచును, కలుపు తగ్గును, వేళ్లు చల్లగా నుండును. ఏటేట అది క్రుంగును గనుక మరల వేయుచుండవలెను. వారమునకు ఒకటి రెండంగుళముల వాన పడనప్పుడు నీరు పోయవలెను. బావినీటిలో సున్నముండినచో అది మెల్లమెల్లగ నేల పులుపును హరించును. నిలువచేసిన వాననీరు శ్రేష్ఠము.

ఎరువు విషయమున లోభియే మంచి తోటమాలి. నాటిన నెల నెలన్నర పిదప మొక్కకు ఇరువదియైదు గ్రాముల అమ్మోనియం సల్ఫేటును మొదలునుండి అడుగు దూరమున చుట్టును చల్లి నీరు పోసిన చాలును. ఏటేట కొంచెము హెచ్చింపవచ్చును. నత్రజనిని నైట్రేటు రూపమున నిచ్చు నెరువులు ఈ పొదకు హాని చేయును. నడివేసవి దాటిన పిమ్మట ఏ యెరువును వేయరాదు. వేసినచో లేత చిగురు వచ్చి చలికి మాడిపోవును.

మొదటి రెండు సంవత్సరములు పూచిన పూవులను త్రుంచివేయవలెను. ఇది మనసునకు కష్టమైన పని. కాని పసిబిడ్డ చేత బరువు మోయించినట్లు పసిమొక్క చేత పండ్లు కాయించిన యెడల వేరు బలియదు. నాలుగవ యేటినుండి ప్రతి సంవత్సరము చలికాలపు చివర కత్తిరింపు చేయవలెను. ఎండినవి, నేలబారువి, ఆరేండ్లు మించిన ముదురు కొమ్మలలో ఒకటి రెండు మొదటికి కోసివేసి, క్రొత్తవానికి చోటియ్యవలెను. పండ్లు కాయునది క్రిందటి యేటి చిగుళ్లపైననే. కొనయందు బొద్దుగా నున్నవి పూమొగ్గలు. క్రింద సన్నగా కోసుగా నున్నవి ఆకుమొగ్గలు. ఈ భేదమెరిగినవాని కత్తెర తప్పుచేయదు.

కోత

న్యూజెర్సీలో డ్యూక్ రకము జూను మాసమునను, బ్లూక్రాప్ దాని వెనుకను, ఎలియట్ ఆగస్టు ప్రాంతమునను పక్వమగును. మూడు రకములను బెట్టుకొన్న యింట రెండు నెలలు పండ్లుండును. ఒకే గుత్తిలోని పండ్లు ఒకే దినమున పండవు. నీలిరంగు తిరిగిన వెంటనే కోయుట యాత్రపు పని. రంగు వచ్చిన పిమ్మట ఇంకను నాలుగైదు దినములు కొమ్మపై నుంచినయెడల పండు పెరిగి తీపెక్కును. కోసిన పండు రంగు తిరుగునే గాని తీపెక్కదు. తొడిమ దగ్గర ఎరుపు మిగిలియున్న పండును ముట్టరాదు. పక్వమైన పండు బొటనవ్రేలితో తాకినంతనే అరచేతిలోనికి రాలును. తెల్లని పొడి చెదరకుండ కోసి, తినునప్పుడే కడుగవలెను.

పండ్లు పండునని మనకంటె ముందుగా పక్షులు కనిపెట్టును. రంగు తిరుగకముందే పొదపై వల పరచి, పిట్టలు చిక్కుకొనకుండ అంచులు బిగువుగ కట్టవలెను. పూర్ణవయస్సునకు వచ్చుటకు పొదకు ఆరు మొదలు ఎనిమిదేండ్లు పట్టును. అప్పుడు ఒక్కొక్కటి యేటికి మూడు నాలుగు కిలోల పండ్లిచ్చును. బాగుగ చూచుకొన్న పొద ఇరువది ముప్పది యేండ్లు, అంతకు మించియు కాచును. నేడు నాటిన పొద బిడ్డలకును, వారి బిడ్డలకును పండ్లు పంచును.

మన నేలయందు

ఈ పొదను మన తెలుగు జిల్లాలలో పెంచవచ్చునా యని చదువరులు అడుగుదురు. దీని దాయాదులు దక్షిణదేశమున లేకపోలేదు. నీలగిరి కొండల యడవులలో ఇదే ప్రజాతికి జేరిన అడవి జాతులు గలవు. అచ్చటి నేల పుల్లనిది, గాలి చల్లనిది. మన నల్లరేగడి నేలలైతే సున్నము గలవియై సామాన్యముగా క్షారమువైపే యుండును. మన మైదానములకు శీతకాలమున కావలసినన్ని గంటల చలియు లేదు. విశాఖ మన్యమునందలి లంబసింగిలో కొన్ని రాత్రులు సున్న డిగ్రీల సమీపమునకు దిగినను, ఉత్తరపు జాతికి కావలసిన నెలల చలి యది కాదు. పెరూ దేశపు వెచ్చని సముద్రతీరమున చలినిద్ర లేకయే కాచు రకములను విస్తారముగ పండించుచున్న మాట నిజమే. కాని అది పుల్లని మట్టిని, పుల్లని నీటిని కొలిచి యిచ్చు పెద్ద సాగు. కావున అంగడిలో బొమ్మ జూచి మొక్క గొని, మన రేగడి మట్టిలో నాటి, ఫలము రాలేదని దుఃఖించుట తగదు. కుతూహలము గలవారు తక్కువ చలి రకమును తొట్టెలో పెట్టి పరీక్షింపవచ్చును. తక్కినవారు పెరటి కంచెకు వాక్కాయను, వీథివాకిట నేరేడును నాటుదురు గాక. అవి మన యెండకును మన మట్టికిని పుట్టిన బిడ్డలు.

మా విద్యార్థులు విత్తువాని ఉపమానమును పలుమారు వినియున్నారు. అందు మంచి నేల నూరంతలు ఫలించెను. రైతు బంజరని త్రోసివేసిన పైన్ చెట్ల యిసుక ఈ పొదకు మంచి నేల యయ్యెను. రైతు మెచ్చిన సారవంతమైన మట్టి దానికి రాతినేల యయ్యెను. కావున ఒక మొక్క యెండుచున్నప్పుడు, నేను దీనికి నాకు మంచిదని తోచినది పెట్టుచున్నానా, దానికి మంచిదగు దానిని పెట్టుచున్నానా యని తోటమాలి ముందుగా ప్రశ్నించుకొనవలెను. తరగతిలో వెనుకబడిన బాలుని విషయమున ఉపాధ్యాయులమగు మేమును ఈ ప్రశ్నను వేసికొనవలసియున్నది. కోవిల్ ఆ ప్రశ్న నడిగెను గనుకనే, మూడువందల యేండ్లు మనుష్యులకు లొంగని పొద పదేండ్లలో అంగడికి పండ్లు పంపెను.